గండికోట మీద మకామా, జమ్మలమడుగులోనా? ఇంటి నుంచి పని చేసేవాళ్లకు ఏది మేలు?

పెన్నా లోయ అంచున నెల రోజులుండి, పొద్దున బండరాళ్లెక్కి, పగలు ల్యాప్‌టాప్ ముందు కూర్చోవాలనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది మకాం సంగతి. కోట దగ్గరుండటమా, దాదాపు 15 కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగులో గది తీసుకోవడమా? పని రోజులు ఎక్కువుంటే జమ్మలమడుగే మేలు. వారాంతం రెండు రాత్రులైతే కోట దగ్గరే ఉండాలి, ఆ తెల్లవారుజాము వెలుగు కోసం కింద నుంచి బండి తీసే పని ఉండదు.

కోట బయట పర్యాటక శాఖ హరిత హోటలుంది, గుడారాలు వేసిచ్చేవాళ్లున్నారు. అద్దె రోజు లెక్కన ఉంటుంది. శనివారం బెంగళూరు, హైదరాబాదు బండ్లు దిగితే గది దొరకడం కష్టం, అంతమంది ఒకే టవర్ మీద పడితే నెట్ నెమ్మదిస్తుంది. సోమవారం పది గంటలకు బాగున్న వేగం శనివారం రాత్రి ఎనిమిదికి ఉండకపోవచ్చు. అందుకే గది ఖాయం చేసుకునే ముందు ఆ రెండు వేళల్లోనూ, తలుపులు మూసి, మీరు కూర్చునే చోటే వేగం కొలవండి. వీడియో మీటింగుకు అప్‌లోడ్ 3, 4 ఎంబీపీఎస్ నిలకడగా రావాలి. గంట మీటింగుకు జీబీ పైనే డేటా పోతుంది కాబట్టి రోజుకు 2 జీబీ ప్లాను మధ్యాహ్నానికే అయిపోతుంది. రెండు వేర్వేరు నెట్‌వర్కుల సిమ్‌లు తప్పనిసరి.

ఇంకోటి కోతులు. గుడారం బయట బల్ల వేసుకుని పని చేద్దామంటే ముందు బిస్కెట్ పొట్లం పోతుంది, తర్వాత సంచి జిప్పు తీయడం మొదలుపెడతాయి. తినేది ఏదీ బల్ల మీద ఉంచొద్దు, ఛార్జర్ వైరు వేలాడనివ్వొద్దు.

జమ్మలమడుగులో నెల అద్దెకు గది, మెస్సు, మందుల షాపు, రైల్వే స్టేషను అన్నీ దగ్గర. ఇంటికి ఫైబర్ వేయించుకోవచ్చు. అయితే చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. ఓనరు "ఇన్వర్టర్ ఉంది" అంటాడు, అది లైట్లకూ ఫ్యానుకూ మాత్రమే కలిపి ఉంటుంది, ప్లగ్గుకు కాదు. అడ్వాన్సు ఇచ్చే ముందు మెయిన్ ఆపి, ప్లగ్గులో ఛార్జర్ పెట్టి చూడండి. ల్యాప్‌టాప్ 50, రౌటర్ 10, ఫ్యాను 70, మొత్తం 130 వాట్లు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ కొత్తదైతే నష్టాలు పోను ఎనిమిది గంటల దాకా లాగుతుంది, పాతబడితే అందులో సగం. మీ రౌటర్ వెలుగుతూనే ఉన్నా వీధిలో కేబులాయన పెట్టెకు కరెంటు లేకపోతే ఫైబర్ రాదు. అప్పుడు ఆదుకునేది ఆ రెండో సిమ్మే.

గది ఎంపికలో పైకప్పు చూడండి. నాపరాళ్లు పరిచిన మిద్దె పగలంతా కాగి, రాత్రి పది దాటినా సెగ కక్కుతూనే ఉంటుంది. పైన ఇంకో అంతస్తున్న గది పట్టుకోండి. ఏమైనా ఏప్రిల్, మే నెలల్లో ఇటు రాకపోవడమే మంచిది. ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఎక్కే రాయి చెయ్యి కాలుస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అసలైన కాలం.

నెలలు తరబడి ఉండేవాళ్లు ప్రొద్దుటూరునూ చూడొచ్చు. రిపేరు షాపులూ, పెద్ద ఆసుపత్రులూ ఎక్కువ, కాని కోట ఇంకా దూరమవుతుంది, రోజూ పోయి రావడం కుదరదు.

జమ్మలమడుగు నుంచైతే కుదురుతుంది. డిసెంబరులో పొద్దు ఆరున్నర ప్రాంతంలో పొడుస్తుంది. ఐదుముక్కాలుకు బండి తీస్తే పొద్దు పొడవకముందే లోయ అంచున ఉంటారు. ఎనిమిదిన్నరకు దిగి, ఉగ్గాని బజ్జీ తిని, తొమ్మిదిన్నరకు పనిలో కూర్చోవచ్చు. పెట్రోలూ, చేతి ఖర్చు డబ్బులూ ముందు రాత్రే జమ్మలమడుగులో చూసుకోండి. రాత్రి షిఫ్టు వాళ్లు మాత్రం పని దిగిన వెంటనే నిద్ర కళ్లతో బండి తీయొద్దు, అంచున కంచె లేని చోట్లున్నాయి. ఆ ప్రయాణం సెలవు రోజుకు పెట్టుకోండి.