కీమో వాంతులకు అప్రెపిటెంట్ కిట్: అమ్మకు వాడినంక నా రివ్యూ

5కి 4 స్టార్లు ఇస్తున్న. ఒకటి ఎందుకు కోసిన్నో చెప్తా.

అమ్మకు బ్రెస్ట్ క్యాన్సర్, హన్మకొండలనే కీమో నడుస్తుంది, మూడు వారాలకోసారి. ఈ కీమోను డాక్టర్లు ఏసీ అంటరు, వార్డుల అందరు ఎర్ర మందు అంటరు, డోక్సోరుబిసిన్ సిరంజిలనే ఎర్రగ ఉంటది, ఆ రోజు మూత్రం గూడ ఎర్రగ వస్తది, అది రక్తం కాదు, మందు రంగే. దానికి తోడు సైక్లోఫాస్ఫమైడ్. ఈ జోడీ వాంతుల విషయంల అన్నిటికన్నా పై కేటగిరీ, సిస్ప్లాటిన్ అనే ఇంకో కీమో మందు గూడ అండ్లనే, అంటే ముందుగాల మందు ఇయ్యకుంటే నూటికి 90 మందికి పైనే కక్కుతరన్నట్టు. దానికితోడు మా అమ్మ మేడారం బస్సెక్కితే ములుగు రాకముందే కవర్ అడిగే మనిషి. డాక్టరమ్మ చీటీ రాసేటప్పుడు ప్రయాణంల పడుతదా, కడుపుతోటి ఉన్నప్పుడు వేవిళ్లు ఎక్కువుండెనా అని అడిగింది, ఎందుకో అనుకున్నం, అసొంటోళ్లకు కీమోల గూడ వాంతుల రిస్క్ ఎక్కువట. మిమ్మల్ని అడగకపోయినా మీరే చెప్పుండ్రి.

ఇగ కిట్ సంగతి. మూడు క్యాప్సుళ్లు, 125 మిల్లీగ్రాములది ఒకటి, 80వి రెండు. పెద్దది కీమో ఎక్కించే గంట ముందు, చిన్నవి రెండో రోజు ఒకటి, మూడో రోజు ఒకటి పొద్దున. తిన్నా తినకున్నా వేసుకోవచ్చు. ఆ గంట ముందు అన్నదే అసలు సంగతి, ఎందుకంటే కక్కుడు మొదలైనంక ఆపుడు చాన కష్టం, రాకుండ చూసుకునుడే అల్క. చాలామంది సెలైన్ పెట్టినంక బ్యాగుల వెతుకుతున్నరు, నేనైతే ఇంట్ల బయల్దేరే ముందే అమ్మ కొంగుకు కట్టిచ్చిన, నర్సు పిలవంగనే నోట్లేసుడే.

మొదటి రోజు వాంతులకు ముఖ్యంగ పేగులల్ల సెరొటోనిన్ అనే రసాయనం కారణం, దానికి ఒండాన్‌సెట్రానో పాలొనోసెట్రానో ఇంజెక్షన్ ఇస్తరు. రెండో రోజు నుంచి ఐదో రోజు దాక వచ్చేటియి ఎక్కువ మెదడుల సబ్‌స్టెన్స్ పి అనే ఇంకోదానితోటి, ఈ కిట్ ఆపేది దాన్ని. ఎక్కిచ్చిన రోజు మంచిగనే ఉండె, ఇంటికొచ్చినంకనే మొదలైంది అంటరు చూడుండ్రి, ఆ బాధకే ఇది. అమ్మకైతే వాంతి అన్నదే రాలే, పక్క బెడ్డు పెద్దమ్మ నమ్మనే నమ్మలే.

కాని ఇదొక్కటే వేసుకుంటే సరిపోదు. ఓ మెడికల్ షాపాయన కిట్ లేదు, దీని బదులు ఇయి వాడుండ్రి అని ఒండాన్‌సెట్రాన్ షీటు చేతుల పెట్టిండు, రెండూ వాంతుల గోలీలే గదా అని. రెండు వేరు, ఒకదాని బదులు ఇంకోటి కాదు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ గూడ వీటితోటే రాస్తరు, అది షుగర్ పెంచుతది, రాత్రి నిద్ర రానియ్యదు, అందుకే పొద్దున వేసుకొమ్మంటరు. అప్రెపిటెంట్‌తోటి కలిస్తే డెక్సా ఒంట్ల ఎక్కువసేపు ఉంటది కాబట్టి డోసు తగ్గించి రాస్తరు, గందుకే పక్కోళ్ల చీటీ చూసి వేసుకోవద్దు. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడేటోళ్లు ముందే చెప్పాలె.

స్టార్ కోసింది వికారానికి. వాంతి ఆగింది గని కడుపుల తిప్పుడు ఆగలే, మూడో రోజు పోపు వాసనొస్తే చాలు అమ్మ ఆకిట్లకు పోయేది. మల్ల చెప్తే డాక్టరమ్మ రాత్రికి ఓలాంజపిన్ కలిపింది. మా బావ ఫోన్ల చూసి అది పిచ్చి గోలీ అని ఇల్లంత లొల్లి చేసిండు. మానసిక రోగాలకు వాడే మాట నిజమే, గని వికారానికి ఇదే గట్టిది. 2016ల వచ్చిన అమెరికా స్టడీల అందరికీ ఈ కిట్ రకం మందు, డెక్సా అన్నీ ఇచ్చి, సగం మందికి ఓలాంజపిన్ 10 మిల్లీగ్రాములు కలిపితే ఐదు రోజులు వికారమే లేనోళ్లు నూటికి 37 మంది, కలపనోళ్లల్ల 22. మత్తు మాత్రం బాగనే వస్తది, రాత్రి బాత్రూంకు లేస్తే చెయ్యి పట్టుకోవాలె. ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 2024ల 2.5 మిల్లీగ్రాములు గూడ వాంతులు ఆపుట్ల 10కి తీసిపోదు, మత్తు తక్కువ అని చూపిచ్చిన్రు, వయసు మీదపడ్డోళ్ల ఇంట్ల ఉంటే డాక్టర్‌ను ఈ డోసు గురించి అడగండ్రి.

సైడ్ ఎఫెక్టులంటే అమ్మకు ఎక్కిళ్లు వచ్చినయి, కొంచెం నీరసం. మలబద్ధకం ఎక్కువ ఒండాన్‌సెట్రాన్‌ది. తిండికి చల్లారిన పెరుగన్నం, జావ కొంచెం కొంచెం, వేడిది వాసనెక్కువ. ఇంకోటి, కీమో రోజు ఇష్టమని సర్వపిండి చేసిపెట్టకుండ్రి, వికారంల తిన్నది తర్వాత జన్మల ముట్టబుద్ధి గాదు. ఇన్ని వాడినా నీళ్లు గూడ నిలవకుంటే, లేకుంటే జ్వరం 100.4 దాటితే గోలీల కోసం చూడకుండ దవాఖానకే పోవాలె.

కొనేటప్పుడు కంపెనీ కంపెనీకి రేటు చాన తేడా ఉంది, మందు అదే, ఒకట్రెండు షాపులు తిరుగుండ్రి, జన ఔషధిల గూడ అడగండ్రి. ఊర్లల్ల చిన్న షాపులల్ల పెట్టరు, అప్పటికప్పుడు దొరకది, నర్సంపేట, పరకాల దిక్కు నుంచి వచ్చేటోళ్లైతే ఒక కీమో అయ్యి ఇంటికి పోయేటప్పుడే హన్మకొండల తర్వాతి కిట్ కొనుక్కపోండ్రి.