గువ్వలా? పావురాలా? ముందు మీ డాబా ఎవరిదో చెప్పండి

విజయనగరంలో మా వరండాలోని గువ్వల బోను చూసినవాళ్ళంతా అడిగేది ఒకటే. "వీటికంటే పావురాలే మేలు కదండీ?" ఈ వేసవిలో లెక్కపెట్టడం మానేశాను. నేను తిరిగి అడిగేదీ ఒకటే: మీ డాబా సొంతమా, నలుగురిదా?

నేను చెప్తున్నది దుకాణాల్లో అమ్మే మెడపట్టీ గువ్వల గురించి. మీగడ రంగు ఒళ్ళు, మెడ వెనక నల్లటి నెలవంక. ఆఫ్రికా గువ్వని తరతరాలుగా మచ్చిక చేస్తే వచ్చినవివి. ఇక పావురాల్లో ఏ రకమైనా, హోమరైనా, గిరిబాజైనా, లక్కా అయినా మూలం కొండగోడల్లో గూడు పెట్టే రాతిపావురమే. రెంటికీ ఈతకి రెండు గుడ్లే. గువ్వ పద్నాలుగు రోజులు పొదిగితే, పావురం పద్దెనిమిది. పిల్లలకి మొదట్లో తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతుసంచిలో ఊరే పాలే పడతారు. ఈ విషయాల్లో పెద్ద తేడా లేదు. తేడా అంతా తలుపు తీసినప్పుడు తెలుస్తుంది.

పావురాలు పెంచే మా మావయ్యది శ్రీకాకుళం జిల్లా పలాస పక్కనున్న కాశీబుగ్గ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆయన డాబా మీది రేకుల గూడు ఎగిరిపోయింది. ముందురోజే పావురాలన్నిటినీ గంపల కింద మూసి ఇంట్లో పెట్టుకున్నాడు కాబట్టి అవి బతికాయి. మూడోరోజు వదిలితే చుట్టూ రెండు చక్కర్లు కొట్టి, గూడు ఉండే పిట్టగోడ మీదకే వచ్చి వరసగా వాలాయి. గూడు లేదు, గోడ కూడా సగమే మిగిలింది. ఆ సగం మీదే సర్దుకున్నాయి. అవతలి మూల కట్టిన కొత్త గూటివైపు వారం దాకా కన్నెత్తి చూళ్ళేదు. ఇంటిదారి మరవని ఈ గుణాన్ని నమ్ముకునే ఒడిశా పోలీసులు 1946లో మన పక్కనే ఉన్న కోరాపుట్‌లో వార్తల పావురాలు మొదలుపెట్టి, 2002 దాకా నడిపారు.

గువ్వకి ఆ తెలివి లేదు. నా మొదటి జతలో ఆడది, నేను నీళ్ళ గిన్నె మారుస్తుంటే చేతికింద నుంచి జారి ఎదురింటి కరెంటు తీగ మీద కూర్చుంది. ఇరవై అడుగులుండదు. మగదాని బోను డాబా మీద పెట్టాను, గింజలు చల్లాను. మగది వంగి వంగి కూస్తూనే ఉంది. ఇది తల తిప్పి అటే చూస్తోంది, కానీ రావడం తెలీదు. పక్కింటి తాతగారు చూసి, "పావురాయైతే సాయంత్రానికి గూటికొచ్చేస్తాది బావు. ఇదెళ్ళిపోతే ఎళ్ళిపోయినట్టే" అన్నారు. చీకటిపడేదాకా అక్కడే ఉంది. తెల్లారేసరికి తీగ మీద కాకులున్నాయి.

పెళ్ళిళ్ళలో తెల్ల గువ్వల్ని ఆకాశంలోకి వదిలి ఫొటోలు తీయించుకునేవాళ్ళని చూస్తే నాకు ఆ తీగే గుర్తొస్తుంది.

అంతా విని "అయితే పావురాలే" అనుకుంటారు. ఆగండి. ఎగరనివ్వని పావురాన్ని పెంచడంలో అర్థం లేదు. ఎగరనిస్తే అది వాలేది మీ డాబా మీదొక్కటే కాదు. కింది వాటాలో వడియాలు ఎండబెట్టుకునే పిన్నిగారి చీర మీద కూడా వాలుతుంది. రెండు జతలు ఏడాది తిరక్కుండా మంద అవుతాయి. ఆ రెట్టల దుమ్ము, రెక్కల పొడి ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఆయాసం ఉన్నవాళ్ళ ఇంట్లో అసలు మాటే వద్దు. గువ్వలకీ పొడి రాలుతుంది గానీ, రెండు పిట్టల పొడికీ ఇరవై పావురాల పొడికీ సాపత్యమా?

అందుకే అద్దె వాటాలో, అందరి డాబా కింద ఉండే నాలాంటివాడికి గువ్వలే. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బోను చాలు. దానికి ముందు దోమతెర కట్టి రెండో తలుపు చేసుకోండి. ఆ తీగ కథ తర్వాత నేను చేసిన మొదటి పని అదే. తెల్లవారుజామునే కూత మొదలవుతుంది, అలారం పెట్టుకోనక్కర్లేదు. కొందరికి అదే ఇబ్బంది, నాకైతే దాని కోసమే పెంచుతున్నట్టుంది. నీళ్ళు తాగేటప్పుడు చూడండి: కోడిలా తలెత్తి మింగదు, ముక్కు ముంచి గటగటా పీల్చేస్తుంది. కాబట్టి గిన్నె కాస్త లోతుండాలి. గంట్లు (సజ్జలు), చోళ్ళు (రాగులు), కొర్రలు కలిపి వేస్తే చాలు. పొట్టు వలవకుండా గింజకి గింజే మింగుతుంది, కనక సన్నటి ఇసుకరాళ్ళూ, గుడ్డుపెంకు పొడీ తప్పవు.

కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఆడా మగా ఒకేలా ఉంటాయి. నాకు రెండోసారి "గ్యారంటీ జత" అని అంటగట్టారు. గూట్లో నాలుగు గుడ్లు కనిపించాక తెలిసింది, రెండూ ఆడవేనని. పిల్లలు వద్దనుకుంటే గుడ్లు తీసేసి ఊరుకోకండి, వెంటనే మళ్ళీ పెడతాయి. ప్లాస్టిక్ గుడ్లు పెట్టి పొదగనివ్వండి.

వజ్రపు గువ్వలనీ ఒకటి అమ్ముతున్నారు. ఆస్ట్రేలియాది, పిచ్చుకంత ఒళ్ళు, కంటి చుట్టూ ఎర్రటి వలయం. అందంగానే ఉంటుంది గానీ మన వానాకాలపు చెమ్మలో దాన్ని వరండాలో ఉంచలేరు. పెరట్లో గూటి నుంచి పడ్డ చుక్కల గువ్వ పిల్లని పెంచుకోవచ్చా అంటే, కూడదు. అది మన దేశపు అడవి పిట్ట, 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ఒప్పుకోదు. పిల్లని మళ్ళీ కొమ్మ మీద పెట్టి పక్కకి తప్పుకోండి.

మొన్న అడిగిన తమ్ముడికి సొంత డాబా ఉంది, సాయంత్రం అయిదింటికల్లా ఇంటికొచ్చేసే ఉద్యోగం. అతణ్ణి మా మావయ్య దగ్గరకి కాశీబుగ్గ పంపించాను.