టెల్లస్ క్యాసెట్లు: పన్నెండేళ్లు విన్నాక

ముందే చెప్పేస్తున్నా, ఇందులో సగం వినబుద్ధి కాదు. అయినా న్యూజెర్సీలో మూడుసార్లు ఇల్లు మారినప్పుడు ట్రక్కులో వేయకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న అట్టపెట్టె ఇదొక్కటే. పన్నెండేళ్ల కిందట మన్‌హాటన్‌లో పాత రికార్డులు అమ్మే షాపులో మూడు కొన్నాను, ఇప్పుడు తొమ్మిదయ్యాయి.

తెలియనివాళ్లకి చెప్పాలంటే టెల్లస్ ఒక పత్రిక, కాకపోతే కాగితం బదులు క్యాసెట్. 1983లో న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో మొదలైంది. చందా కడితే క్యాసెట్ పంపేవాళ్లు. నడిపింది ముగ్గురు: జోసెఫ్ నెచ్వటాల్ చిత్రకారుడు, క్లాడియా గూల్డ్ క్యూరేటర్, కరోల్ పార్కిన్‌సన్ సంగీతకారిణి. వీళ్ల వెనక హార్వెస్ట్‌వర్క్స్ అనే సంస్థ ఉంది, దానికి సొంతంగా సింథసైజర్లు కొనుక్కోలేని కళాకారులు వచ్చి వాడుకునే స్టూడియో ఉండేది. అలాంటి చోట పుట్టే సంగీతాన్ని రేడియోలో వేయరు, పెద్ద రికార్డు కంపెనీ ముట్టుకోదు. ఎల్పీ వేయించాలంటే ఒకేసారి చాలా డబ్బు పెట్టాలి, క్యాసెట్ అయితే చందాదారులు ఎంతమందో అన్నే కాపీలు తీస్తే సరిపోతుంది. వాక్‌మన్ వచ్చి అప్పటికి నాలుగేళ్లు. మన ఊళ్లలో పాటల లిస్టు రాసిస్తే బ్లాంక్ క్యాసెట్ మీద ఎక్కించి ఇచ్చే షాపులు ఉండేవి చూశారూ, ఆ లెక్కే, లిస్టు మాత్రం వాళ్లది.

రెండు నెలలకొకటి అన్నారు. 1993లో ఆగిపోయేసరికి వచ్చినవి మొత్తం 27. మాట ప్రకారమైతే 60 దాకా రావాలి! చిన్న పత్రికలు నడిపినవాళ్లకి ఇందులో వింతేమీ ఉండదు. చివర్లో సీడీలకి కూడా మారారు, అవి నా దగ్గర లేవు, పెద్దగా బాధా లేదు.

ఇవన్నీ ఉబూవెబ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంటే క్యాసెట్లెందుకు అని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది. నేనూ మొదట అక్కడే విన్నాను. విన్నానని అనుకున్నాను అనాలి, ఎందుకంటే ప్రతి ముక్కా ముప్పై సెకన్లు విని తర్వాతదానికి దూకేసేవాణ్ని. క్యాసెట్‌లో ఆ ఆట సాగదు. ఫార్వర్డ్ నొక్కితే ఎక్కడ ఆగుతుందో తెలియదు, మళ్లీ వెనక్కి తిప్పాలి, ఆ విసుగు కన్నా వినేయడమే నయమనిపిస్తుంది. మైక్రోకంప్యూటర్లతో చేసిన సంగీతం మీద వేసిన 9వ సంచిక అలా బద్ధకం వల్లే నాకు ఎక్కింది, మూడోసారికో నాలుగోసారికో.

13వ సంచిక 'పవర్ ఎలక్ట్రానిక్స్', 1986. నెచ్వటాలే ఏర్చి కూర్చాడు, జపాన్‌కి చెందిన మెర్జ్‌బౌ కూడా ఉన్నాడు. మొత్తం రొద. ఇందులో చిక్కేంటంటే టేపు పాడైందో, సంగీతమే అంతో తెలుసుకునే దారి లేదు. నా కాపీలో ఒకచోట కుడి స్పీకర్ మూగబోతుంది, అది కళేమో అని ఏడాది పాటు గౌరవించాను. తీరా చూస్తే ప్లేయర్‌లో టేపుని చదివే హెడ్ మీద మురికి. దూదితో స్పిరిట్ రాస్తే పోయింది.

అదే ఏడాది వచ్చిన 14వది 'జస్ట్ ఇంటొనేషన్', నా ఓటు దీనికే. పియానో, కీబోర్డుల్లో పన్నెండు స్వరస్థానాలనీ సమానంగా పంచేస్తారు. దాంతో మన అంతర గాంధారం 386 సెంట్ల దగ్గర ఉండాల్సింది 400 దగ్గర కూర్చుంటుంది (పొలం సెంట్లు కాదు, అర్ధస్వరానికి వంద చొప్పున). ఈ సంచికలోవాళ్లు ఆ పంపకం వదిలేసి సహజమైన నిష్పత్తుల్లో, అంటే పంచమం 3:2, గాంధారం 5:4, ఇలా శ్రుతి చేసుకున్నారు. తంబురాలో ఎవరూ మీటకుండానే వినిపించే గాంధారం ఉంటుందే, అదే. మా అమ్మ వీణ నేర్చుకున్న మనిషి. వేసవికి వచ్చినప్పుడు మిగతావి పెడితే "ఏంట్రా ఈ గోల" అనేది. ఇది పెడితే కాసేపు విని "శ్రుతి బాగుంది, పాటే లేదు" అంది. ఇంతకన్నా మంచి సమీక్ష నేను రాయలేను.

డెక్‌లో, అంటే క్యాసెట్ ప్లేయర్‌లో, బెల్టు సాగితే ముందు తెలిసేదీ ఈ సంచికలోనే. టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లు కదలాలి. డెక్ మొత్తంగా కాస్త వేగంగా నడిచినా ఫరవాలేదు, అన్ని స్వరాలూ కలిసే పైకి వెళ్తాయి, వాటి మధ్య నిష్పత్తి చెడదు. వేగం ఊగిందా, నిలకడగా ఉండాల్సిన నాదం వణుకుతుంది. బెల్టు మార్చిన ప్రతిసారీ పరీక్షకి ఇదే వేస్తాను.

కొనాలనుకునేవాళ్లు అమ్మేవాళ్ల మాట నమ్మకండి. ఒకాయన "బ్రహ్మాండంగా పాడుతుంది" అని 40 డాలర్లు తీసుకుని పంపిన పెట్టెలో లేబుల్ టెల్లస్‌ది, లోపల టేపు ఎవరిదో వ్యాయామం పాఠం. వన్, టూ, త్రీ, ఫోర్. డబ్బు వెనక్కి రాలేదు. చేతికొచ్చిన వెంటనే క్యాసెట్‌లో టేపు వెనక ఉండే చిన్న స్పాంజి ప్యాడ్ ఉందో లేదో చూడండి, అది ఊడితే టేపు హెడ్‌కి సరిగ్గా ఆనదు, ధ్వని మసకబారుతుంది. నా 14వ సంచికకి అదే జరిగితే, తెనాలిలో మా ఇంటి అటక మీంచి తెచ్చిన పాత బ్లాంక్ క్యాసెట్ విప్పి, దాని ప్యాడ్ పీకి ఇందులో అతికించాను. రెండేళ్లయింది, ఇంకా ఊడలేదు.