మెట్లకు, వంటింటికి పెట్టిన సేఫ్టీ గేట్లు: రెండేళ్ల పిల్ల ఉన్న ఇంట్లో అనుభవం

మా పాప దోగాడడం మొదలుపెట్టిన రోజుల్లోనే విశాఖపట్నంలోని మా డూప్లెక్స్ ఇంటికి రెండు సేఫ్టీ గేట్లు కొన్నాం. వంటింటి గుమ్మానికి రెండు గోడల మధ్య ఒత్తిడితో నిలబడే రకాన్ని, మెట్ల పైభాగానికి గోడలోకి మరలు దించి బిగించే రకాన్ని ఎంచుకున్నాం. పాపకు ఇప్పుడు రెండేళ్లు నిండాయి. పిల్లల భద్రత పేరుతో మేము కొన్న వస్తువులన్నిటిలో పెట్టిన డబ్బుకు తగిన ఫలితం ఇచ్చినవి ఈ గేట్లే. అయితే ఏ రకం ఎక్కడ పెట్టాలో తెలుసుకోకుండా కొంటే మాత్రం గేటే ప్రమాదానికి కారణం కావచ్చు.

ఒత్తిడి రకం గేటుకు నాలుగు మూలలా రబ్బరు బిళ్లలున్న బోల్టులు ఉంటాయి. వాటిని చేత్తో తిప్పి గోడలకు బిగిస్తే చాలు, గోడకు రంధ్రం చేయనక్కరలేదు కాబట్టి అద్దె ఇళ్లలో ఉండేవారికి ఇది అనుకూలం. దీనిని మెట్ల పైభాగంలో ఎప్పుడూ పెట్టకూడదు. పిల్లలు పట్టుకుని ఊపగా ఊపగా బోల్టులు వదులై గేటు మొత్తం మెట్ల మీదికి ఒరిగిపోయే అవకాశం ఉంది. పైగా గేటు తెరిచినప్పుడు కూడా దాని కింది కడ్డీ నేలకు అడ్డంగానే ఉండి పెద్దవాళ్ల కాలికి తగులుతుంది. పిల్లను ఎత్తుకుని దిగే మనిషికి మెట్ల అంచున కాలు తట్టుకోవడం ఎంత ప్రమాదమో చెప్పనవసరం లేదు. మరల రకానికి ఈ కింది కడ్డీ ఉండదు, గేటును మెట్లవైపు తెరుచుకోకుండా లోపలి నేలవైపు మాత్రమే తెరుచుకునేలా బిగించవచ్చు. కంపెనీలు ఈ హెచ్చరికను సూచనల కాగితంలో ఇస్తాయి కానీ, అమ్మేచోట రెండింటినీ "మెట్ల గేటు" అనే పేరుతోనే అమ్ముతున్నారు.

మన ఇళ్లకు సంబంధించి ఆ కాగితంలో లేని ఇబ్బందులు మరో రెండు ఉన్నాయి. మొదటిది గోడ మీది పుట్టీ. రంగు కింద పుట్టీ పూసిన గోడకు బోల్టులను గట్టిగా బిగిస్తే రబ్బరు బిళ్లల కింద అది నలిగి పొడిగా రాలిపోతుంది, పట్టు జారుతుంది. గేటుతోపాటు ఇచ్చే ప్లాస్టిక్ గిన్నెలను గోడకు మరలతో బిగించి, బోల్టులను వాటిలో కూర్చోబెట్టిన తరువాతే మా వంటింటి గేటు కదలకుండా నిలిచింది. రెండోది మెట్ల రెయిలింగు. ఒకవైపు గోడ, మరోవైపు గుండ్రటి స్టీలు గొట్టం ఉన్నచోట ఏ గేటూ నేరుగా నిలవదు. మా వడ్రంగి ఒక టేకు చెక్కను గొట్టానికి పైనా కిందా క్లాంపులతో కదలకుండా బిగించి, గేటు కీలును ఆ చెక్కకు పెట్టారు. గోడవైపు మరలు సిమెంటు పూతను దాటి ఇటుకలోకి దిగేంత పొడవైనవి వాడారు. ఈ పనికి అయిన ఖర్చు గేటు ధరతో పోలిస్తే చిన్నదే, కానీ గేటు నమ్మదగినదిగా మారింది దానివల్లనే.

గడియ విషయంలో కొనేముందే ఆలోచించాలి. బొటనవేలితో మీట నొక్కిపట్టి, గేటును కొంచెం పైకి లేపితే తప్ప తెరుచుకోని ఏర్పాటు పిల్లలకు సాధ్యం కాదు, మంచిదే. అయితే చేతివేళ్ల కీళ్లనొప్పులున్న మా అత్తగారికి కూడా అది కష్టమైంది. ఇంట్లో పెద్దవాళ్లు తెరవలేని గేటు పగలంతా తెరిచే ఉంటుంది, అప్పుడు అది ఉన్నా లేనట్టే. అందుకే వంటింటికి ఒంటిచేత్తో తెరుచుకుని, వదిలేస్తే తనంతట తానే మూసుకుని గడియ పడే రకాన్ని తీసుకున్నాం. పొయ్యి మీద కుక్కరు, పక్కన వేడి సాంబారు ఉన్న సమయంలో ఆ గేటు చేసిన మేలు నాకు అన్నిటికంటే విలువైనది.

సముద్రపు గాలికి మొదట తుప్పు పట్టింది కీలులోని స్ప్రింగు. దాంతో గేటు సగంలో ఆగిపోవడం మొదలైంది, నూనె వేస్తుంటే ఇప్పటికీ పనిచేస్తోంది. తీరప్రాంతంలో ఉన్నవారు కీలును, గడియను నెలకోసారైనా చూసుకోవాలి.

వీటితోపాటు కొన్న మిగతా సామాను గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. బల్ల అంచులకు అంటించిన రబ్బరు పట్టీలు ఉక్కపోతకు ఊడిపోయాయి. ఊడిన ముక్క పిల్లల నోట్లోకి వెళ్లగలదు కనుక తీసేశాం. విదేశీ ప్లగ్గు కొలతలతో వచ్చిన సాకెట్ మూతలు మన మూడు గుండ్రటి రంధ్రాల సాకెట్లకు సరిపోలేదు. వాటికి బదులు ప్లగ్గు లేనప్పుడు రంధ్రాలను లోపలినుంచి మూసి ఉంచే షట్టరు ఉన్న సాకెట్లు వేయించి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు పెట్టించడం మేలు.

గేటు పెట్టలేని చోటు స్నానాలగది. బకెట్లో రెండు అంగుళాల నీళ్లున్నా, తల బరువైన పసిపిల్లలు వంగి అందులో పడితే తమంతట తాము లేవలేరు. బకెట్లు ఖాళీ చేసి బోర్లించడం, తలుపుకు బయటివైపు ఎత్తులో గడియ పెట్టించడం తప్ప దీనికి కొనగలిగే పరికరం నాకు కనిపించలేదు.

ఈ గేట్లు సాధారణంగా రెండేళ్ల వయసు వరకే ఉద్దేశించినవి. మా పాప ఇప్పుడు గేటుకు ఆనించి స్టూలు జరుపుకుని పైకెక్కడానికి ప్రయత్నిస్తోంది. ఎక్కగలిగిన పిల్లకు గేటు ఉంటే మరింత ఎత్తునుంచి పడుతుంది కాబట్టి, మెట్లు వెనక్కి తిరిగి దిగడం నేర్పుతూ పై గేటును ఈ నెలలో తీసేస్తున్నాం. వంటింటి గేటు మాత్రం స్టూళ్లను దూరంగా పెట్టి ఇంకొంతకాలం ఉంచుతాం.