"ఉప్పునీటి రీలు" అని రాసి ఉంది కదా అని కొనకండి

గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గర పండుగప్ప కోసం ఫ్లై ఫిషింగ్ (ఈకలు, వెంట్రుకలు కట్టిన ఫ్లై అనే తేలికపాటి నకిలీ ఎరతో చేపలు పట్టడం) సామాను ఆన్‌లైన్‌లో కొనబోతున్న వాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. రాడ్డు, దారం చుట్టుకునే రీలు, లైను, ఆరు ఫ్లైలు కలిపి "8 వెయిట్, ఉప్పునీటికి ప్రత్యేకం" అంటూ అమ్ముతున్న సెట్టు ఒకటి నేను 14,500 రూపాయలకు కొన్నాను. మూడోసారి నీళ్లమీదికి వెళ్లిన రోజే రీలు బిగుసుకుపోయింది. నా ఫిర్యాదుకు విక్రేత ఇచ్చిన సమాధానం: "ఉప్పునీటి వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తించదు."

పెట్టె మీద అలల బొమ్మ ఉంది. "ఉప్పునీటికి" అన్న మాట మూడు చోట్ల ఉంది.

డిసెంబరు మొదటి వారంలో అంతర్వేది దగ్గర వశిష్ఠ పాయలో ఉన్నాం. పోటు తిరిగి, మడచెట్ల మధ్య ఉన్న చిన్న కాలువలోంచి నీరు బయటికి లాగుతోంది. చిన్న చేపలు ఆ నీటితోపాటే కొట్టుకువస్తాయి కాబట్టి పండుగప్ప ఆ కాలువ నోటి దగ్గరే కాచుకుని ఉంటుంది. తెలుపు, పసుపు వెంట్రుకలు కట్టిన క్లౌసర్ మిన్నో అనే ఫ్లైని చెట్ల వేళ్ల పక్కన వేసి, కాస్త మునగనిచ్చి, రెండుసార్లు లైను గుంజి ఒకసారి ఆపాను. ఆపినప్పుడే పట్టింది. రాడ్డు ఎత్తకుండా ఎడమచేత్తో లైను గట్టిగా లాగి గాలం నాటాను. చేప ఒక్కసారి గాలిలోకి లేచి, మళ్లీ వేళ్ల వైపు దూసుకుపోయింది. లైను రీలు మీదికి వచ్చింది. అక్కడ బ్రేకు జారుతూ దారం వదలాలి. జారలేదు. రీలు రాయిలా నిలిచిపోయింది. లైనుకూ ఫ్లైకీ మధ్య కట్టే సన్న దారం, అంటే లీడర్, 20 పౌండ్ల లాగుడుకు ఆగేది, టప్పున తెగింది.

పడవ నడిపే పెద్దాయన రీలు చేతిలోకి తీసుకుని తిప్పబోయాడు. తిరగలేదు. "ఇది చెరువులకి చేసిందండి బాబూ, మొగకి పనికి రాదు," అన్నాడు. అంతకుముందు రెండుసార్లూ ఇంటికి రాగానే మంచినీటితో కడిగి, తుడిచి, నీడలో ఆరబెట్టాను. నిర్లక్ష్యం చేసి పాడుచేసుకున్న సామాను కాదు.

ఇంటికొచ్చి విప్పాను. పూర్తిగా మూసి ఉండే బ్రేకు, నీరు చొరబడదు అని వాళ్ల ప్రకటన. లోపల ఉన్నది గ్రీజు పట్టించిన ఒక ఫెల్ట్ బిళ్ల. దాని చుట్టూ రబ్బరు వలయం కాదు కదా, నీటిని ఆపే అడ్డు ఏదీ లేదు. ఉప్పు పేరుకుని బిళ్ల ఇరుసుకు అతుక్కుపోయింది. ఇరుసు తుప్పెక్కింది. రంగు పొక్కులు లేచిన చోట గీకితే కింద తెల్లటి పొడి రాలుతోంది. ఉప్పునీటికి చేసే మంచి రీళ్లను అల్యూమినియం కడ్డీ నుంచి తొలిచి, పైన ఆనోడైజింగ్ చేస్తారు, అంటే తుప్పు పట్టకుండా విద్యుత్తుతో గట్టి పొర ఏర్పరుస్తారు. దీన్ని అచ్చులో పోతపోసి నల్ల రంగు వేశారు.

రీలు సంగతి కళ్లకు కనిపించింది. లైను సంగతి అలా కాదు. చాలామంది ఏళ్ల తరబడి తమ చేతినే నిందించుకుంటారు కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను. మామూలు గాలంలో బరువైన ఎర దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై అంటే చిటికెడు వెంట్రుకలు, ఈకలు. దాన్ని లైను బరువే మోసుకుపోవాలి. వెనక్కి విసిరినప్పుడు ఆ బరువుకు రాడ్డు వంగితేనే ముందుకు తోసే బలం వస్తుంది. అందుకే రాడ్డు మీద, లైను మీద ఒకే అంకె ఉండాలంటారు. ఆ అంకె ఊరికే పెట్టింది కాదు. లైను మొదటి 30 అడుగుల బరువునుబట్టి దాన్ని నిర్ణయిస్తారు. 8 వెయిట్ అంటే 210 గ్రెయిన్లు, అంటే 13.6 గ్రాములు. 5 వెయిట్ అయితే 140 గ్రెయిన్లు, సుమారు 9 గ్రాములు.

మొదటి రోజు నుంచీ నా లైను 40 అడుగులు దాటలేదు. సముద్రపు గాలి వల్లనో, నా విసురు కుదరకనో అనుకున్నాను. రీలు మోసం బయటపడ్డాక అనుమానం వచ్చి, లైను చుట్ట పట్టుకుని మా వీధిలోని బంగారు దుకాణానికి వెళ్లాను. ఆ పెద్దమనిషి నవ్వకుండా, విసుక్కోకుండా, మొదటి 30 అడుగులు చుట్టగా కాటా మీద పెట్టి, మిగతా లైను బరువు పడకుండా పక్కన పీట మీద ఆనించి తూచాడు. 9.2 గ్రాములు. రెండోసారీ అంతే. 8 అని చీటీ అంటించి 5 వెయిట్ లైను అమ్మారు. కంపెనీలు లైనును చెప్పిన అంకెకంటే కొంచెం బరువుగా చేయడం మామూలే, రాడ్డు తేలిగ్గా వంగుతుందని అలా చేస్తారు. మూడో వంతు తక్కువ తూగడం మాత్రం మోసమే.

పైగా అది చలిదేశాల లైను. ఎండకు మెత్తబడి, పడవ చెక్క మీద జిగురులా అతుక్కుని, రాడ్డు మీది గైడ్లలో, అంటే లైను దూరే వలయాల్లో, సాగదు. మన తీరానికి గట్టి లోదారం, గట్టి పూత ఉన్న ట్రాపికల్ లైనే, అంటే వేడి ప్రాంతాలకు చేసినదే, కావాలి. ఈ మాట ఆ ప్రకటనలో ఎక్కడా లేదు, ప్రశ్న పెడితే జవాబూ రాలేదు.

ఇందులో అసలు కిటుకు వాపసు గడువులో ఉంది. వాళ్లిచ్చేది ఏడు రోజులు. ఉప్పు తన పని చేయడానికి నెల పడుతుంది. అందుకే నీటిమీదికి వెళ్లకముందే, సామాను ఇంట్లో ఉండగానే పరీక్షించాలి. లైను తూచడం అన్నిటికంటే ముందు. ఫ్లైలలో ఒకదాన్ని ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా ఉంచండి. నా ఫ్లై గాలం తెల్లారేసరికి తుప్పుతో ఎర్రబడింది. రీలు వెనుక మూత విప్పి బ్రేకు మీ కళ్లతో చూడండి. మూసి ఉందని చెప్పినది నిజంగా మూసి ఉందో లేదో చూడటానికి ఐదు నిమిషాలు చాలు. లైను చేత్తో లాగుతూ బ్రేకు బిగించండి. మధ్యలో పట్టి వదులుతుంటే ఆ రీలు పండుగప్పకు పనికి రాదు. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచుకోండి. దిగుమతి సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా పెట్టె మీద ఉండి తీరాలి. నా పెట్టె మీద లేవు. అది చూసిన క్షణంలోనే నేను తిప్పి పంపాల్సింది.

లీడర్ విషయంలో ఒక మాట. సెట్టుతో ఇచ్చినది కొస దాకా 20 పౌండ్లే. పండుగప్ప నోరు ఆకురాయిలా గరుకు, మొప్పల అంచు కత్తిలా ఉంటుంది. చివర 40 పౌండ్ల దారం రెండడుగులైనా కట్టాలి. ఆ రోజు తెగడానికి కారణం రీలే. కానీ రీలు పనిచేసినా ఆ లీడర్‌తో ఆ చేపను పడవ దాకా తెచ్చేవాడినని చెప్పలేను. అది దొరికితే వదిలేద్దామనుకున్నాను. పండుగప్ప మగదిగా మొదలై పెద్దయ్యాక ఆడదవుతుంది, కాబట్టి పెద్దవి దాదాపు అన్నీ గుడ్లు పెట్టేవే. ఇప్పుడది మూతికి గాలంతో, వెనుక తెగిన దారంతో తిరుగుతోంది. డబ్బు పోయినదానికంటే ఇది నన్ను ఎక్కువ బాధిస్తోంది.

విక్రేత చివరికి 30 శాతం తగ్గింపు కూపన్ ఇస్తానన్నాడు. వద్దన్నాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. రెండూ జరగలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. ఫలితం రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం విక్రేత ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు, గడువు రెండేళ్లు.

నిన్న అదే సెట్టు వేరే పేరుతో మళ్లీ అమ్మకానికి వచ్చింది. అదే ఫొటో, రీలు కింద బల్ల మీద అదే గీత. సంక్రాంతికి ఊరెళుతూ గాలం వేద్దామని ఎవరైనా తెప్పించుకుని ఉంటే, ఏడు రోజులు దాటకముందే లైను తీసుకుని దగ్గర్లోని బంగారు దుకాణానికి వెళ్లండి. 30 అడుగులు 13 గ్రాములకు తక్కువ తూగితే పెట్టె అలాగే కట్టి వెంటనే వెనక్కి పంపేయండి.