ఇరుసు రెండు ఇంచులు జరిపినంక

తాటిచెట్టు మీంచి పడి ఎనిమిదేండ్లు. అప్పట్ల రెక్కలు మోకు మీద అరిగినయ్, ఇప్పుడు చక్రాల కుర్చీ తోసుకునుడు మీద. మాది నకిరేకల్ దగ్గర. మా కిరాణ కొట్టు నుంచి బొడ్రాయి దాకా పోయొస్తే రాత్రి కుడిజబ్బ పక్కకు ఒత్తిగిలనియ్యకపోయేది. పాత కుర్చీ ఆసుపత్రి రకం. పెద్ద చక్రాల ఇరుసు బాగా వెనక్కి బిగించి ఉండె. బరువంతా ముందటి చిన్న చక్రాల మీద పడి కంకరల దిగబడేది.

మార్చిల కొత్తది కొన్న. దీని ఇరుసు పలకకు వరుసగా బెజ్జాలున్నయ్. బోల్టులు విప్పించి రెండు ఇంచులు ముందుకు జరిపించిన. అబ్బ, ఎంత తేడా! బరువు పెద్ద చక్రాల మీదికొచ్చింది, చేతులు వెనక్కి గుంజి పట్టుకునే బాధ తప్పింది. సీటు ఎత్తు గూడ చూసుకోవాలె: పెద్ద చక్రానికి చేత్తోని తోసే రింగుంటది, దాని పైన చెయ్యి పెడితే మోచేతి కోణం 100 నుంచి 120 డిగ్రీల మధ్య ఉండాలె. తోసుడు గూడ మార్చిన. టకటక చిన్న తోపులు బంద్. ఒక్కటే పొడుగు తోపు, ఆ తర్వాత చేతులు రింగు కిందికెళ్లి వెనక్కి.

గని దీంట్ల ఒక తిరకాసుంది. ఇరుసు ముందుకొస్తే ఎత్తు ఎక్కేటప్పుడు ముందటి చక్రాలు గాల్లకు లేస్తయ్. మొదటి వారమే మా ర్యాంపు మీద ఎల్లెల్కల పడ్డ. మా ఇంటామె నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక నిలబడ్డది. వెనక్కి పడకుండ ఆపే బుడ్డ చక్రాలు పెట్టకుండ ఇరుసు ముట్టొద్దు. వాటికి పైసలు వేరే తీసుకున్నరు, అది నచ్చలే. సీటు గుడ్డ గూడ ఎండకు చెమటతోని అంటుకుంటది.

నొప్పి మొత్తం పోలే. గని ఇప్పుడు కుడిపక్కకు ఒత్తిగిలి పండుకుంటున్న.