యెస్ ఆల్బమ్‌లలో ఏది మేటి? ఏళ్ల తరబడి విన్నాక నా వరస

నా లెక్కలో మొదటి స్థానం ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ది. రెండోది ‘రిలేయర్’ది. మూడోది ‘గోయింగ్ ఫర్ ది వన్’ది. యెస్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్‌ను కాలేజీ రోజుల్లో క్యాసెట్ల మీద వినడం మొదలుపెట్టాను, తర్వాత సీడీలు కొన్నాను, ఇప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్‌లో వింటున్నాను. ఇన్నేళ్లలో కింది స్థానాలు ఎన్నోసార్లు అటూ ఇటూ అయ్యాయి, ఈ మూడు మాత్రం కదల్లేదు. యెస్ అభిమానులు ఎక్కడ కలిసినా తెగని పంచాయితీ ఇదే. ‘ఫ్రాజైల్’ను మించింది లేదని ఒకరంటారు. ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ తలకెక్కనివాళ్లకి అసలు యెస్ తలకెక్కనట్టే అని ఇంకొకరంటారు. ఈ వాదనలంటే నాకు ఇష్టం. పక్కన పెట్టేసిన ఆల్బమ్‌లు కొన్నింటిని మళ్లీ తీసి వినేలా చేసింది ఇవే.

నేను చూసేది ఒక్కటే. పాట పొడుగ్గా ఉంటే ఆ పొడవుకి పని ఉందా? రాగం తానం పల్లవి గంటసేపు సాగినా విసుగు పుట్టదు. పల్లవి ఎత్తుకునే వేళకి ఆ రాగమంతా మన చెవిలో కుదురుకుని ఉంటుంది కాబట్టి. యెస్ పొడుగుపాటల్నీ నేను అలాగే వింటాను. చివర్లో వచ్చే ఘట్టానికి అంతకుముందు గడిచిన నిమిషాలన్నీ బలం ఇచ్చాయా లేదా అన్నదే నా కొలత.

గాయకుడు జాన్ ఆండర్సన్, బేస్ గిటార్ వాయించే క్రిస్ స్క్వైర్ 1968లో లండన్‌లో ఈ బ్యాండ్‌ను నిలబెట్టారు. 1969, 1970లలో వచ్చిన మొదటి రెండు ఆల్బమ్‌లు ఒకసారి వింటే చాలు. రెండోదాంట్లో ఆర్కెస్ట్రా వచ్చి పాటల మీద పడింది. అసలు కథ స్టీవ్ హౌ గిటార్ పట్టుకుని వచ్చాక, 1971 నాటి ‘ది యెస్ ఆల్బమ్’తో మొదలైంది. అందులో ‘పర్పెచువల్ ఛేంజ్’ అనే పాట ఉంది. మధ్యలో బ్యాండ్ రెండుగా చీలి, ఒక చెవిలో ఒక లయ, రెండో చెవిలో ఇంకో లయ నడుస్తుంది. మామూలు స్పీకర్లలో ఇది గందరగోళంగా తోస్తుంది. హెడ్‌ఫోన్స్‌లో వింటే మాత్రం రెండు దారులూ విడివిడిగా తెలుస్తాయి, మళ్లీ కలిసిన చోట ఒళ్లు జలదరిస్తుంది.

అదే ఏడాది చివర్లో ‘ఫ్రాజైల్’ వచ్చింది. కీబోర్డుల మీద రిక్ వేక్‌మన్ చేరాడు. అట్ట మీద చిత్రకారుడు రోజర్ డీన్ గీసిన బొమ్మ మొదటిసారి కనిపించింది. ‘రౌండబౌట్’ను ఇప్పటి పిల్లలు జపాన్ యానిమే పుణ్యమా అని గుర్తుపడుతున్నారు, నాకది సంతోషం. కానీ మొత్తం ఆల్బమ్‌గా చూస్తే దీన్ని మొదటి స్థానంలో పెట్టలేను. తొమ్మిది పాటల్లో బ్యాండ్ అంతా కలిసి చేసినవి నాలుగే. మిగతా ఐదూ ఒక్కొక్కరు తమకోసం చేసుకున్న చిన్న ముక్కలు. ఆ నాలుగూ బంగారమే. ‘లాంగ్ డిస్టెన్స్ రన్అరౌండ్’లో మిగతావాళ్లు నాలుగు లెక్కలో వెళ్తుంటే డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ ఐదు లెక్కలో దెబ్బ వేస్తుంటాడు. ఖండచాపు చెవిన పడుతూ పెరిగినవాళ్లకి ఆ ఐదు వెంటనే చిక్కుతుంది. చేత్తో తాళం వేస్తూ విని చూడండి. ‘హార్ట్ ఆఫ్ ది సన్‌రైజ్’ అయితే రాబోయే ఆల్బమ్‌కి ముంగిలి లాంటిది. స్క్వైర్ బేస్ అందులో ముందుకొచ్చి పాటను తనే నడిపిస్తుంది.

ఇక ‘క్లోజ్ టు ది ఎడ్జ్’. 1972 సెప్టెంబర్. మూడే పాటలు, మొత్తం 38 నిమిషాలలోపు. మొదటి పాటే 18 నిమిషాలు దాటుతుంది. పక్షుల కూతలతో, నీటి చప్పుడుతో మొదలై, ఉన్నట్టుండి గిటార్, బేస్, డ్రమ్స్ ఎవరి దారిన వాళ్లు పరుగెత్తుతారు. కొత్తగా వినేవాళ్లు ఇక్కడే ఆపేస్తారు. ఆపొద్దు. ఆ తోపులాట మధ్యలో గొంతులన్నీ కలిసి ఒక్క క్షణం అడ్డం పడతాయి, మళ్లీ తోపులాట. అది సర్దుకున్నాక హౌ గిటార్ మీద పాట అసలు వరస వినిపిస్తుంది. అక్కణ్ణుంచి చివరిదాకా ఆ ఆల్బమ్‌లో వృథాగా పోయిన నిమిషం నాకు ఇంతవరకూ దొరకలేదు.

మధ్యలో అంతా నెమ్మదించి, ఆండర్సన్ గొంతు ఒకవైపు, స్క్వైర్, హౌల గొంతులు ఇంకోవైపు వేర్వేరు మాటలు పాడుతూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ వెంటనే చర్చి ఆర్గన్ లేస్తుంది. ఎన్నిసార్లు విన్నా నా ఊపిరి ఆ చోట ఆగుతుంది. ఆ ఆర్గన్ మోత తగ్గాక వేక్‌మన్ హామండ్ ఆర్గన్ సోలో, దాని తర్వాత మొదటి వరస మళ్లీ, ఈసారి ఇంకా నిండుగా. ముందు నడిచిన పదిహేను నిమిషాలూ లేకపోతే ఆ చివరి చరణం మామూలు పాటే. ఈ పాట వెనక హెర్మన్ హెస్సె ‘సిద్ధార్థ’ నవల ఉందని ఆండర్సన్ చెప్పాడు. ఆ నవల చదివినవాళ్లకి పడవ నడిపే వాసుదేవుడూ, నది మాట వింటూ కూర్చునే సిద్ధార్థుడూ గుర్తుంటారు. పాటలో కథ లేదు, కానీ నది ఉంది, అంచు ఉంది, ఎక్కడం దిగడం ఉంది.

స్టూడియోలో ఈ పాటను ముక్కలుగా వాయించి, ఇంజనీర్ ఎడీ ఆఫర్డ్‌తో కలిసి టేపు అతికించుకుంటూ కట్టారు. ఆ పని బ్రూఫర్డ్‌కి విసుగు తెప్పించింది. రికార్డింగ్ అవగానే కింగ్ క్రిమ్‌సన్ అనే ఇంకో బ్యాండ్‌లోకి వెళ్లిపోయాడు, కొత్త డ్రమ్మర్ అలన్ వైట్ కొద్ది రోజుల్లో పాటలన్నీ నేర్చుకుని అమెరికా టూర్‌కి ఎక్కాడు. బ్రూఫర్డ్‌తోనే యెస్ అయిపోయిందనే అభిమానులు ఉన్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు. ‘సైబీరియన్ ఖాత్రు’లో ఆ స్నేర్ డ్రమ్ పొడిగా, కచ్చితంగా పలికే తీరు మళ్లీ ఈ బ్యాండ్‌లో రాలేదు. అయినా ‘రిలేయర్’ విన్నాక వైట్‌ను తక్కువ చేసే మాట నేను ఒప్పుకోను.

1973 చివర్లో వచ్చిన ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ దగ్గరే అభిమానులు నిజంగా రెండు వర్గాలవుతారు. మన పాఠకులకి దీని పుట్టుక ఆసక్తిగా ఉంటుంది. టోక్యోలో టూర్ మధ్య ఆండర్సన్ పరమహంస యోగానంద ‘ఒక యోగి ఆత్మకథ’ చదువుతూ, శాస్త్రాలు నాలుగు రకాలని చెప్పే ఒక పొడుగాటి పాదసూచిక దగ్గర ఆగాడు. శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం. ఒక్కోదానికి రికార్డులో ఒక్కో పక్క చొప్పున రెండు ఎల్పీలు, నాలుగు పాటలు, ఒక్కోటి దాదాపు 20 నిమిషాలు. మన ఇళ్ల అలమారాల్లో ఉండే పుస్తకంలోని ఒక అడుగు గమనిక లండన్‌లో ఇంత పెద్ద పని చేయించిందంటే నాకు గర్వంగానే ఉంటుంది. అయితే వేదఘోషో, మన రాగాలో వినిపిస్తాయని వెళ్లకండి. మొదటి పక్క ఆరంభంలో దాదాపు ఒకే స్వరం మీద మొదలై గొంతులు పెరుగుతూ పోయే పఠనం ఒక్కటి కొంచెం దగ్గరగా వస్తుంది.

ఆల్బమ్ బ్రిటన్‌లో ఒకటో స్థానానికి వెళ్లింది. వేక్‌మన్‌కి మాత్రం నచ్చలేదు. ఒక రికార్డుకి ఎక్కువ, రెండిటికి తక్కువ సరుకు ఉందని తర్వాత ఎన్నోచోట్ల చెప్పాడు, టూర్ ముగిశాక బయటికి నడిచాడు. నా అనుభవమూ దగ్గర దగ్గర అదే. మొదటి పక్క, నాలుగో పక్క నేను మళ్లీ మళ్లీ పెట్టుకుంటాను. నాలుగోదాంట్లో అందరూ డ్రమ్స్ మీద పడి చేసే యుద్ధం, దాని తర్వాత వచ్చే మెత్తటి పాట గొప్పవి. రెండో పక్కలో సముద్రం నిశ్చలంగానే ఉంటుంది, చాలాసేపు. మూడోదాంట్లో చివర హౌ అకూస్టిక్ గిటార్ కోసం ముందు పదకొండు పన్నెండు నిమిషాలు ఓపిక పట్టాలి. నా కొలతలో ఆ పొడవుకి సగమే పని ఉంది. అయినా ఏ యెస్ అభిమానీ దీన్ని వినకుండా ఉండకూడదు, ఎందుకంటే తర్వాత వచ్చింది దీని పక్కన పెట్టి వింటేనే పూర్తిగా తెలుస్తుంది.

ఆ తర్వాత వచ్చింది ‘రిలేయర్’, 1974. వేక్‌మన్ స్థానంలో స్విట్జర్లాండ్ వాడు పాట్రిక్ మొరాజ్, చేతినిండా జాజ్. మొదటి పక్క అంతా ‘ది గేట్స్ ఆఫ్ డెలీరియమ్’, టాల్‌స్టాయ్ ‘యుద్ధము-శాంతి’ స్ఫూర్తితో చేసినది, దాదాపు 22 నిమిషాలు. యుద్ధానికి పిలుపు, యుద్ధం, యుద్ధం తర్వాత. నడిమి భాగంలో ఇనప సామాను మీద కొట్టిన చప్పుళ్లు, హౌ గిటార్ అరుపులు చెవులు నొప్పెట్టేలా ఉంటాయి. అలా ఉండాలి కూడా. అదంతా ఒక్కసారిగా తెగి, స్టీల్ గిటార్ మీద ‘సూన్’ భాగం తెరుచుకుంటుంది. రేడియో కోసం ఆ చివరి భాగాన్ని విడిగా సింగిల్‌గా వేశారు. విడిగా వింటే అందమైన పాట. యుద్ధం దాటి వచ్చాక వింటే కళ్లు తడుస్తాయి. నా కొలతకి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. మరి మొదటి స్థానం ఎందుకివ్వలేదంటే, రెండో పక్కలో ‘సౌండ్ చేజర్’ నైపుణ్యం చూపించినంతగా మనసులో నిలవదు.

1977 నాటి ‘గోయింగ్ ఫర్ ది వన్’ కోసం వేక్‌మన్ తిరిగొచ్చాడు. స్విట్జర్లాండ్‌లోని మాంట్రో ఊళ్లో రికార్డింగ్. పక్క ఊరు వెవేలోని చర్చి ఆర్గన్ మీద ఆయన వాయించింది టెలిఫోన్ తీగల మీదుగా స్టూడియోకి చేరింది. ‘అవేకెన్’ పదిహేను నిమిషాల్లో ఆ ఆర్గన్, ఆండర్సన్ హార్ప్, చిన్న గంటల మోత ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వెళ్లి, చివరికి ఆర్గన్ అంతా కమ్మేస్తుంది. ఒక్క పాటకి బహుమతి ఇవ్వమంటే నేను దీనికే ఇస్తాను. ఆల్బమ్‌గా మాత్రం మిగతా నాలుగు పాటలు దాని ఎత్తుకి అందవు.

తర్వాతివాటి గురించి క్లుప్తంగా. ‘టోర్మాటో’ (1978) పాటలు బావున్నా శబ్దం పల్చన. ‘డ్రామా’ (1980)లో ఆండర్సన్, వేక్‌మన్ ఇద్దరూ లేరు, బగుల్స్ అనే పాప్ జంట ట్రెవర్ హార్న్, జెఫ్ డౌన్స్ వచ్చారు. చాలామంది ఆ పేర్లు చూసే పక్కన పెట్టారు గానీ, ‘మెషిన్ మెసయ్య’, ‘టెంపస్ ఫ్యూజిట్’లలో స్క్వైర్, వైట్ జోడీ కసిగా వాయించింది. నా వరసలో ఇది ‘టేల్స్’ కంటే పైన. ‘90125’ (1983) వేరే బ్యాండ్ అనుకుని వింటే మంచి ఆల్బమ్, అమెరికాలో వాళ్లకి దక్కిన ఒకటో నంబర్ పాట అందులోనిదే.

ఏ ప్రతి కొనాలి అంటే, సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ 2013 నుంచి చేసిన రీమిక్స్‌లు వెతకండి. ముఖ్యంగా ‘క్లోజ్ టు ది ఎడ్జ్’, ‘రిలేయర్’. పాత సీడీల్లో ఒకదానిలో ఒకటి కూరుకుపోయిన గొంతులు, బేస్ వీటిలో విడివడి వినిపిస్తాయి. 1973 నాటి లైవ్ సెట్ ‘యెస్‌సాంగ్స్’ శబ్దం మసగ్గా ఉంటుంది, ఊపు మాత్రం స్టూడియోలో దొరకనిది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నా మొదటి స్థానంతో కాకుండా ‘ది యెస్ ఆల్బమ్’తో మొదలుపెట్టి, ‘ఫ్రాజైల్’ మీదుగా ‘క్లోజ్ టు ది ఎడ్జ్’కి రండి. ‘టేల్స్’ను మాత్రం ఒక్కరోజుకి ఒక్క పక్కే వినండి.